వందో గొర్రె

ఆ రోజుల్లో పిల్లల్లో తెలివి ఉందో లేదో కనిపెట్టడానికి పెద్దవాళ్ళు పెద్దగా కష్టపడేవారు కాదు. లెక్క చెప్పగానే చేసేస్తే "తేజ్ హై" అనేవారు, చెయ్యకపోతే నెత్తిన ఒక మొట్టికాయ వేసేవారు, పరీక్ష అంతటితో అయిపోయేది. ఇప్పుడు మా మనవరాలికి నాలుగేళ్ళయినా నిండకుండానే బడివాళ్ళు దాని ముందు రంగురంగుల చెక్కముక్కలు పోసి, దాని మొహంలోకి చూస్తూ ఏవేవో రాసుకున్నారు. (అది వాటిలో ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. అదీ తెలివేనన్నారట.) మాకు అంత యోగం లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో డిగ్నాబాద్ ఎత్తు మీద, రేకుల కప్పుల కింద పెరిగిన తెలుగు పిల్లలం మేము. మా నాన్నలు ఎప్పుడో ఓడెక్కి వచ్చి సర్కారీ ఉద్యోగాల్లో కుదురుకున్నారు. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆదివారం చర్చిలో మళ్ళీ తెలుగు. ఈ మూడు చోట్లా నేను ప్రదర్శించిన ఒకే ఒక్క విద్య వాగడం. ఇంటా బయటా నా పేరు వసపిట్ట. వసపిట్టలకి స్కాలర్‌షిప్పు ఇస్తారని అప్పటికి మా వీధిలో ఎవరూ వినలేదు.

మా సర్కారీ స్కూల్లో హిందీ సెక్షనూ ఇంగ్లీషు సెక్షనూ రోడ్డు వైపు ఉండేవి. మా తెలుగు సెక్షను వెనకాల, విరిగిన బల్లలు పడేసే గది పక్కన. వాన మొదలైతే (అక్కడ వాన మొదలవడమే గాని ఆగడం మేము పెద్దగా చూడలేదు) రేకుల మీద మోతకి పాఠం వినపడేది కాదు. అయినా పాఠం ఆగేది కాదు, టీచరు పెదవులు చూసి నేర్చుకునేవాళ్ళం. ఎనిమిదో తరగతితో తెలుగు సెక్షను ఆఖరు. ఆపైన చదవాలంటే హిందీ మీడియంలోకి దూకాలి. హిందీ మాట్లాడమంటే చేపల బజారులో బేరమాడి నెగ్గుకొచ్చేవాళ్ళమే, కానీ చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కునేవాళ్ళం. అందుకని ఎనిమిది కాగానే మగపిల్లలు వర్క్‌షాపుల్లోకీ ఆడపిల్లలు వంటింట్లోకీ వెళ్ళిపోయేవారు. దాన్ని అన్యాయం అని ఎవరూ అనుకోలేదు. వానలాగే అదీ ఉంటుంది కాబోలు అనుకున్నారు.

అలా అనుకోని మనిషి ఒక్క చిన్న టీచర్‌గారే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. పీట వేసుకుంటే గాని బోర్డు పైభాగం అందేది కాదు. ఓడలో వచ్చినన్నాళ్ళూ వాంతులు చేసుకుంటూ వచ్చి, జెట్టీ మీద అడుగు పెట్టగానే మళ్ళీ ఓడెక్కితే ఒట్టు అనుకున్నారనీ, ఆ ఒట్టు నిలబెట్టుకోవడానికే ఇక్కడ ఉండిపోయారనీ చెప్పుకునేవారు. సముద్రం వైపు చూడవలసి వస్తే మొహం తిప్పుకునేవారు. దీవిలో బతుకుతూ సముద్రం వైపు చూడకుండా ఉండడం ఎంత కష్టమో మాకు తెలుసు గనక, ఆవిడ పట్టుదల మీద మాకు చాలా గౌరవం. పిట్ట కొంచెం కూత ఘనం అన్న సామెత ఆవిణ్ణి చూశాకే నాకు అర్థమైంది.

నా బల్ల మీద నా పక్కన బుల్లి కూర్చునేది. వాళ్ళ నాన్న దీవుల మధ్య తిరిగే బోటులో కళాసీ. నెలలో ఎక్కువ రోజులు నీళ్ళమీదే. ఇంట్లో దాని వెనక ముగ్గురు చంటివాళ్ళు. బుల్లికి ఉలుకూ పలుకూ లేదు. దాని వాటా మాటలు కూడా నాకే ఇచ్చేశారేమో అనిపించేది. కానీ చిన్న టీచర్‌గారు లెక్క సగం చదివేసరికి బుల్లి పలక మీద జవాబు ఉండేది. టీచర్‌గారు కావాలని చివర్లో అంకె మార్చి చదివితే, అది తుడిచి మళ్ళీ రాసి, ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి చూసేది. అలాంటి పిల్లని వాళ్ళమ్మ ఆ ఏడాది మొదట్లోనే, "ఎనిమిదయ్యాక ఇంక సాలు టీచరమ్మా, సంటోళ్ళని ఎవులు సూస్తారు" అని చెప్పేసింది. ఆ రోజు టీచర్‌గారు అన్నం కారేజీ మూత తియ్యలేదు.

ఇలా ఉండగా ఒకనాడు ప్రేయర్‌లో హెడ్మాస్టరుగారు ఒక కబురు చెప్పారు. ఆయన్ని మేము సైరన్ సార్ అనేవాళ్ళం, ఆయన గొంతెత్తితే హార్బర్లో ఓడ వచ్చిందనుకుని జనం గుమ్మాల్లోకి వచ్చేవారు. మెయిన్‌లాండ్ నుంచి ఒక ఆఫీసరు వస్తున్నారు. సర్కారీ స్కూళ్ళలో బాగా తెలివైన పిల్లల్ని పరీక్ష పెట్టి ఏరుతారు. స్కూలుకి ఒక్క సీటు. ఆ సీటు వచ్చిన పిల్లకో పిల్లాడికో పెద్ద స్కూల్లో చోటు, హాస్టలు, పుస్తకాలు, పదకొండో తరగతి దాకా స్కాలర్‌షిప్పు. ఇదంతా చెప్పి సైరన్ సార్ మా వరస వైపు తిరిగి, "ఔర్ తెలుగు సెక్షన్ వాలే, తుమ్ లోగ్ ఉస్ దిన్ గ్రౌండ్ సాఫ్ కరోగే, కుర్సీ లగావోగే" అన్నారు. తెలివైన వాళ్ళు పరీక్ష రాస్తుంటే మేము నేల ఊడ్చి కుర్చీలు వెయ్యాలి. పక్క వరసలో హిందీ సెక్షనువాళ్ళు నవ్వారు. నా ఒంటికి కారం రాసినట్టయింది.

ప్రేయర్ అవగానే చిన్న టీచర్‌గారు సైరన్ సార్ గదికి బయల్దేరారు. సుద్దముక్కలు తెచ్చే వంకతో నేను వెనకాలే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదన్నట్టే చెప్పారు: పేపరు హిందీలోనూ అంగ్రేజీలోనూ ఉంటుంది, జవాబు అంకె వేసినా గుర్తు పెట్టినా చాలు, కానీ మీ పిల్లలు ప్రశ్నే చదవలేరు కదా. టీచర్‌గారు, "చదవలేకపోవడం వేరండీ, ఆలోచించలేకపోవడం వేరండీ" అంటున్నారు హిందీలో. ఆయన బల్లమీద పెన్సిలు దొర్లిస్తున్నారు. ఇంక ఉండబట్టలేక నేను గుమ్మంలోంచే అనేశాను: "సార్, హమారే చర్చి మే భీ పాస్టర్ లోగ్ హిందీ మే బోల్తే హై. హమ్ కో తో సబ్ సమజ్‌తా హై. బగల్ మే మేరే నాన్న ఖడే రహతే హై."

చర్చిలో పాస్టర్లు హిందీలో చెప్పినా, పక్కన మా నాన్న నిలబడతాడు గనక మాకంతా తెలుస్తుందన్న ఈ మాట అర్థం కావాలంటే మా చర్చి పద్ధతి చెప్పాలి. అప్పుడప్పుడు బయటి నుంచి బోధకులు వచ్చి హిందీలోనో ఇంగ్లీషులోనో ప్రసంగం చేసేవారు. పక్కన ఒకరు నిలబడి వాక్యం వాక్యం తెలుగులో చెప్పాలి. ఆ ఒకరు మా నాన్న. వారమంతా జెట్టీ పక్క వర్క్‌షాపులో ఇంజన్లు విప్పి బిగించే మనిషి, ఆదివారం కోటు తొడిగితే వేరే మనిషి. బోధకుడు మూడు మాటలంటే మా నాన్న ముప్ఫై చెప్పేవాడు. బోధకుడు సముద్రం అంటే నాన్న అలలూ తుఫానూ వలలూ వేసేవాడు. ఒకాయన కాసేపు చూసి చూసి, నాన్న వాక్యం పూర్తయ్యేలోగా కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగారు. పైగా ఇంట్లో "ఏటే, ఎల్లవే" అనే మనిషి అక్కడ మాత్రం "ఒకానొక మనుష్యుడు ప్రయాణమై పోవుచుండెను" తప్ప మాట్లాడేవాడు కాదు. జనానికి అదే ఇష్టం. నాన్న లేని రోజు ప్రసంగం చప్పగా ఉందనేవారు.

సైరన్ సార్ నవ్వి, "సాబ్ ఒప్పుకుంటే చూద్దాం" అన్నారు, ఒప్పుకోరని నమ్మకంతో. ఆఫీసరుగారు వచ్చారు. సన్నగా, పాలిపోయి, గట్టి నేల మీద నడుస్తూ కూడా గోడ పట్టుకుంటున్నారు. ఓడ ఆయన్ని నమిలి ఊసేసిందని చూడగానే తెలిసింది. చిన్న టీచర్‌గారు ఇంటికెళ్ళి ఒక గ్లాసుడు ఉప్పేసిన నిమ్మరసమూ, కొంచెం ఊరగాయా తెచ్చి ముందు పెట్టారు. ఆయన తాగి, కళ్ళు మూసుకుని, "ఆప్ కో భీ?" అన్నారు. "ముఝే భీ" అన్నారు ఈవిడ. ఒకే సముద్రంలో వాంతి చేసుకున్నవాళ్ళ మధ్య ఒక చుట్టరికం ఏర్పడుతుంది కాబోలు. తరవాత ఆయన రూల్సు తీసి చదివి, పేపరు రెండు భాషల్లో అచ్చువెయ్యాలని ఉంది గాని పక్కన ఎవరూ చదివి చెప్పకూడదని ఎక్కడా లేదన్నారు. టీచరైతే జవాబు కూడా చెప్పేస్తారని సైరన్ సార్ అడ్డుపడ్డారు. "బయటి మనిషే వస్తాడు" అన్నారు టీచర్‌గారు. అలా మా నాన్న కోటు ఇస్త్రీ అయింది.

పరీక్ష రోజున మేము గ్రౌండ్ ఊడ్చలేదు. ఊడ్చకుండా పరీక్ష గదిలోకి నడిచిన ఆ నడక నాకిప్పటికీ గుర్తుంది. రాణీగారు కూడా అంత మెడ సాచి నడిచి ఉండరు. మమ్మల్ని వేరే గదిలో కూర్చోబెట్టారు. నాన్న ఎదురుగా నిలబడి కాగితం అందుకుని, ఒకసారి గొంతు సవరించుకుని, "ఒకానొక పట్టణమందు ఒక వర్తకుడు కాపురముండెను. అతడు మిక్కిలి శ్రేష్ఠమైన పండ్లను అమ్ముచుండెను" అని మొదలుపెట్టాడు. పేపర్లో ఉన్నది ఒక పళ్ళవాడు, అంతే. గుమ్మంలో కాపలా ఉన్న సైరన్ సార్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు గాని, పొడుగూ పొట్టీ తెలుస్తుంది కదా. "ఇత్నా లంబా క్యోఁ?" అన్నారు. నాన్న తొణక్కుండా, "తెలుగు లంబీ జబాన్ హై, సాబ్" అన్నాడు. రెండో ప్రశ్న అయ్యేసరికి నాన్నకి ఊపు వచ్చింది. చెయ్యి పైకి లేచింది. ప్రశ్న చివర గొంతు దించి ఆపగానే వెనక బల్లలోంచి ఎవరో అలవాటు కొద్దీ "ఆమేన్" అన్నారు. ఆఫీసరుగారు తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నారు.

అప్పుడు వచ్చింది గొర్రెల లెక్క. కాపరికి వంద గొర్రెలున్నాయి, ఒకటి తప్పిపోయింది, ఇప్పుడు అతని దగ్గర ఎన్ని ఉన్నాయి? అంతే ప్రశ్న. నాన్న అది తెలుగులో చెప్పగానే గది అంతా వెలిగిపోయింది. సండే స్కూల్లో కూర్చున్న ఏ పిల్లకి తెలియదు, తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం వెళ్ళిన కాపరిని గురించి ఏసు చెప్పిన ఆ కథ? పక్కవాళ్ళకి లేని చుట్టం పరీక్ష పేపర్లో కనిపించినట్టయింది మాకు. నాన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిగతా కథ చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. కిటికీ బయట చిన్న టీచర్‌గారు గట్టిగా దగ్గారు. నాన్న మిగిలిన కథ మింగేసి తరవాతి ప్రశ్నలోకి వెళ్ళిపోయాడు. నేను వసపిట్టనే గాని వెర్రిపిట్టని కాదు. తొంభై తొమ్మిది రాశాను. బయటికి వచ్చాక చూస్తే మా సెక్షను మొత్తం "వంద, వంద" అని సంతోషంగా అరుచుకుంటోంది. కాపరి వెళ్ళి వెతికి భుజాన వేసుకుని తెచ్చుకున్నాడు కదా, ఇంకా తొంభై తొమ్మిదేమిటి? బుల్లి మాత్రం ఏమీ చెప్పలేదు.

వారం తిరక్కుండా ఫలితాలు బోర్డు మీద పెట్టారు. స్కూలు మొత్తంలో మొదటి పేరు నాది. రెండోది బుల్లిది. హిందీ, ఇంగ్లీషు సెక్షన్ల వాళ్ళంతా ఆ కింద. సైరన్ సార్ బోర్డు ముందు చాలాసేపు నోరు మెదపకుండా నిలబడ్డారు. అంత నిశ్శబ్దం ఆయన దగ్గర మేమెప్పుడూ వినలేదు. మా ఇంట్లో కోడి తెగింది. చర్చిలో నా కోసం కృతజ్ఞతా ప్రార్థన పెట్టించాలని అమ్మ అప్పుడే చీర తీసి ఆరేసింది. కానీ చిన్న టీచర్‌గారు నా వీపు తట్టి "శభాష్ వసపిట్టా" అంటున్నప్పుడు ఆవిడ కళ్ళు నా మీద లేవు, బుల్లి మీద ఉన్నాయి. బుల్లికి ఒక్క మార్కు తక్కువైంది. ఒక్క సీటు, ఒక్క మార్కు. ఎనిమిది కాగానే ఇంక బుల్లి చేతికి పలక కాదు, చంటివాడి ఉగ్గుగిన్నె.

సాయంత్రం దాన్ని గోడ దగ్గర నిలబెట్టి అడిగాను. "గొర్రెలు ఎన్నే రాశావు?"

"వంద."

ఒక్క మార్కు అక్కడే పోయింది. నాకు బుల్లి మీద కోపం వచ్చింది, గొర్రె మీద వచ్చింది, కాపరి మీద వచ్చింది. అన్నిటికన్నా, మా సెక్షనుకి తెలిసిన ఒకే ఒక్క కథ తెచ్చి దాంతోనే మమ్మల్ని పడగొట్టినవాళ్ళ మీద వచ్చింది. ఆఫీసరుగారు పొద్దున్నే ఫీనిక్స్ బే నుంచి బోటెక్కి ఉత్తరపు దీవుల స్కూళ్ళకి వెళ్తారని తెలుసు. తాడో పేడో తేల్చుకోవాలనుకున్నాను. తెల్లారగానే బుల్లిని చెయ్యి పట్టి లాక్కుంటూ బయల్దేరాను. దారిలో చిన్న టీచర్‌గారు వాళ్ళ గుమ్మంలోంచి చూసి ఎక్కడికే అన్నారు. చెప్పాను. ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, చెప్పులేసుకుని మాతో వచ్చారు. ఇన్నేళ్ళలో ఆవిడ జెట్టీ వైపు నడవడం అదే మొదటిసారి. బోటు కనపడగానే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

జెట్టీ మీద ఎప్పటిలాగే టికెట్ల వరస, కూలీలు, తాళ్ళు విప్పే బోటువాళ్ళు. ఒకడు టికెట్టు వెనక్కి ఇస్తుంటే పక్కవాడు "భయ్యా, మేరా వెయిటింగ్ హై, ముఝే దో" అని చెయ్యి చాపుతున్నాడు. ఆఫీసరుగారు వరసలో బ్యాగు పట్టుకుని, బోటు కేసి ఉరికంబం చూసినట్టు చూస్తున్నారు. నేను తిన్నగా ముందుకెళ్ళి నిలబడ్డాను. (ఇక్కణ్ణించి జరిగిందంతా హిందీలో. నా హిందీలో వ్యాకరణం తప్ప అన్నీ ఉండేవి.)

"సాబ్, గొర్రెల లెక్కలో వంద రాసినవాళ్ళకి కూడా మార్కు ఇవ్వాలి."

ఆయన ఓపిగ్గా చెప్పారు. "ఒకటి తప్పిపోయిందమ్మా. వందలో ఒకటి పోతే ఎంత?"

"కాపరి వెళ్ళి తెచ్చుకున్నాడు సాబ్."

"పేపర్లో అలా లేదు."

"వెళ్ళలేదని కూడా లేదు కదా సాబ్. గొర్రె తప్పిపోతే చేతులు కట్టుకుని కూర్చునేవాడు కాపరి ఎలా అవుతాడు?"

వెనకనున్న కూలీ తలమీది మూట దించి, "బచ్చీ సహీ బోల్ రహీ హై, సాబ్" అన్నాడు. ఒక కళాసీ, గొర్రె సంగతి తనకి తెలియదు గాని మేక అయితే సాయంత్రానికి తనే వస్తుందన్నాడు. ఎవరో పెద్దాయన, తెచ్చుకునే దాకా అయితే తొంభై తొమ్మిదే కదా అని లాయరు పాయింటు తీశాడు. వరస రెండు పార్టీలైపోయింది. కిటికీలో టికెట్లిచ్చే ఆయన ఇవ్వడం మానేసి గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. ఆఫీసరుగారు నవ్వాపుకుంటూ నన్ను అడిగారు. "ఇంత వాదిస్తున్నావు, నువ్వేం రాశావు?"

"తొంభై తొమ్మిది, సాబ్."

జెట్టీ అంతా గొల్లుమంది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, ఎక్కడా పెట్టుకోలేదు, అలాగే ఎత్తి నిలబడ్డాను. ఈ గోలకి పక్క వర్క్‌షాపులోంచి మా నాన్న చేతులకి గ్రీజుతో పరిగెత్తుకొచ్చాడు. (హార్బరు ఈ చివర నుంచి ఆ చివరకి నా గొంతు గుర్తుపట్టగలనని ఆయనకి గర్వం.) "ఓలే, ఏటే నీ గోల, పెద్దోరితోటి ఏటా మాటలు" అంటుండగానే ఆఫీసరుగారు చెయ్యెత్తి ఆపి, బుల్లి వైపు తిరిగారు. "నువ్వు చెప్పు. వంద ఎందుకు రాశావు?"

బుల్లి ఎప్పటిలాగే మాట్లాడదనుకున్నాను. దాని తరఫున నోరు తెరిచాను కూడా. చిన్న టీచర్‌గారు నా జడ పట్టుకుని లాగారు. అప్పుడు బుల్లి, నాన్న మొహం చూస్తూ, తెలుగులో చెప్పింది.

"తొంబై తొమ్మిదని నాకు తెలుసు. ఈరికి కావలసిందీ అదేనని తెలుసు. అలగ రాసేస్తే ఆ ఒక్కదాన్నీ ఒగ్గీసినట్టే కదా. నాకు రాయబుద్ధి కాలేదు."

నాన్న ఆఫీసరు వైపు తిరిగాడు. గొంతు సవరించుకోలేదు. చెయ్యి ఎత్తలేదు. బుల్లి ఎన్ని మాటలందో అన్నే మాటలు హిందీలో చెప్పాడు, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. చెప్పి ఊరుకున్నాడు. చర్చిలో నాన్నని విన్నవాళ్ళు వరసలో ఇద్దరు ముగ్గురున్నారు. ఇంకా ఏదో వస్తుందని కాసేపు ఎదురుచూశారు. ఏమీ రాలేదు.

ఆఫీసరుగారు బ్యాగు కింద పెట్టారు. చాలా తెలివైన పిల్ల అని మాత్రం మెల్లిగా అన్నారు. తరవాత, "కానీ మార్కు మార్చలేనమ్మా. పేపర్లు సీలువేసి పంపేశాను. స్కూలుకి ఒక్కటే సీటు" అన్నారు. ఆ మాట ఆయన బాధపడుతూనే అన్నారు. నాకు మాత్రం తలలో ఏదో తెగింది. తెలివైన పిల్ల అని కళ్ళతో చూసి, చెవులతో విని, నోటితో ఒప్పుకుని, ఇంటికి పంపేస్తారా? వెతకడానికి వచ్చినవాళ్ళే దొరికినదాన్ని వదిలేసి వెళ్ళిపోతారా? పక్కన ఇందాకటి వెయిటింగ్ టికెట్టువాడు ఇంకా చెయ్యి చాపుకునే ఉన్నాడు.

"అయితే నా సీటు కాన్సిల్ చెయ్యండి, సాబ్" అన్నాను. "మా జెట్టీలో ఒకడు కాన్సిల్ చేసుకుంటే వెయిటింగ్‌లో ఉన్నవాడికి ఇస్తారు. మీ సీటుకి ఆ పద్ధతి లేదా?"

ఆయన నన్ను చూసి, బుల్లిని చూసి, "ఉంది" అన్నారు. లేదని అబద్ధం చెప్పడం చేతకాని మనిషిలా చెప్పారు. తరవాత నాన్నని అడిగారు, ఈ అమ్మాయి అన్నదానికి మీరు సమ్మతమేనా అని. నాన్న మింగలేక కక్కలేక నిలబడ్డాడు. కోడి తెగింది, చీర ఆరింది, కూతురు పెద్ద స్కూలుకి వెళ్తుందని వర్క్‌షాపులో లడ్డూలు పంచాడు. ఎదురుగా బుల్లి, వాళ్ళ నాన్న తోటి కళాసీలు, అందరూ చూస్తున్నారు. గ్రీజు చేతుల్ని ప్యాంటుకి తుడుచుకున్నాడు. "హాఁ" అన్నాడు. చిన్న టీచర్‌గారు ఏడుస్తున్నారు. డీజిలు వాసన పడదన్నారు, అడక్కుండానే.

బోటు హారను కొట్టింది. ఆఫీసరుగారు బోటెక్కే చెక్క మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి, మరి నీ సంగతేమిటని నన్నడిగారు.

"హిందీ మీడియంలోకి దూకుతాను, సాబ్. ఈత వచ్చు" అన్నాను.

ఈ కథని మా చర్చిలో ఇప్పటికీ నా త్యాగం అని చెప్పుకుంటారు. నేను ఒప్పుకోను. అది త్యాగం కాదు, ఒట్టి నోటి దూల. త్యాగం చేసినవాళ్ళు ఆ రాత్రి హాయిగా నిద్రపోతారు. నేను అన్నం ముందు కూర్చుని భోరుమని ఏడ్చాను. అమ్మ, "ఆ నోరు పడిపోను, సీటు పోనిచ్చింది గాని మాట పోనివ్వదు" అని తిడుతూనే కలిపి ముద్దలు పెట్టింది. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి చిన్న టీచర్‌గారు రోజూ సాయంత్రం నన్ను ఇంటికి పిలిపించుకుని హిందీ అచ్చులూ హల్లులూ రాయించేవారు. విసుక్కుంటే, "నీ తెలివి కనిపెట్టడానికి పేపరక్కర్లేదే, చెవులుంటే చాలు. కాస్త చెయ్యి కూడా కదుపు" అనేవారు. హిందీ మీడియంలో ఒకసారి తప్పి, తరవాత గట్టెక్కి, చివరికి నేనూ ఒక సర్కారీ బడిలో టీచర్నే అయ్యాను. కొన్నాళ్ళకి ఆ పరీక్ష పేపరు తెలుగులో కూడా రావడం మొదలైంది. అది ఆఫీసరుగారి పుణ్యమో, చిన్న టీచర్‌గారి పోరు పడలేకో, నాకు తెలియదు.

చిన్న టీచర్‌గారు పోరి పోరి వాళ్ళమ్మని ఒప్పించాక బుల్లి పెద్ద స్కూల్లో చదివి, ఆపైన మెయిన్‌లాండ్ వెళ్ళి చదివి, తిరిగొచ్చి దీవుల్లోనే పెద్ద తరగతులకి లెక్కలు చెప్పింది. రిటైరయ్యాక డిగ్నాబాద్‌లోనే ఇల్లు కట్టుకుంది. వారానికోసారి మా ఇంటికొచ్చి, పులుసన్నం తిని, నా మాటలు విని వెళ్తుంది. థాంక్స్ అని ఎప్పుడూ అనలేదు. నేనూ ఎదురుచూడలేదు. (కొంచెం చూశాను.) మొన్నొక రోజు నేనే కదిపాను. "ఆ సీటు నేనే ఉంచుకుని ఉంటే ఏమయ్యేదే బుల్లీ?"

అది చెయ్యి కడుక్కుంటూ ఆలోచించింది. "ఏటవును. హాస్టల్లో రేత్తిరి మాటలాడొద్దంటారు. నువ్వు నెల తిరక్కుండా పారొచ్చీదానివి" అంది.

నిజమే కావచ్చు. అయినా ఎప్పుడైనా వాన మధ్యాహ్నం ఒంటరిగా కూర్చున్నప్పుడు, నేను చూడని ఆ పెద్ద స్కూలు లాబరేటరీ ఎలా ఉండేదో అని మనసు పీకుతుంది; పీకదని ఎందుకు చెప్పాలి? అయినా ఆ ఆఫీసరుగారు ఇవాళ మళ్ళీ ఆ వరసలో నిలబడితే నేను మళ్ళీ వెళ్తాను, మళ్ళీ వాదిస్తాను, జెట్టీ అంతా నవ్వినా సరే. ఆనాటి వసపిట్టని తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, ముద్దొస్తుంది, ఒక్క విషయంలో మాత్రం ఒళ్ళు మండుతుంది. అంత నోరు పెట్టుకుని, అందరి ముందూ అంతసేపు పోట్లాడి, నా సీటు కాన్సిల్ చెయ్యమంది గాని, రెండు సీట్లు ఇమ్మని అడగాలని పిచ్చిదానికి తట్టనే లేదు.